తోలేసిన గొర్రె

యాభై ఎనిమిదిలో మిరప కోతలు మొదలయ్యే ముందు మా పల్లెలో అమ్మవారు పోసింది. బళ్ళో పిల్లలకు మశూచి అని చెప్పేదాన్ని గాని, మాటల్లో నాకూ అమ్మవారనే వచ్చేది. టీకాలవాళ్ళు అద్దంకి నుంచి వచ్చేసరికే కొన్ని ఇళ్ళలో పిల్లలు పోయారు. యలమందయ్య మనవరాలు సుగుణ మాత్రం బతికింది. ఒళ్ళంతా మచ్చలు పడ్డాయి, ఎడమ కంట్లో పువ్వు వేసింది. అయినా బతికింది. ఆ బిడ్డ ఎలా బతికిందన్న మాట మీదనే మా సంసారం ఆ వేసవిలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయింది.

మా ఆయన పరంజ్యోతి ఆ పల్లెకు సంఘ కాపరి. నేను మిషను బడిలో పంతులమ్మను. గుండ్లకమ్మకు ఇవతల కొమ్మవరం, కొమ్మవరానికి తూర్పున పల్లె, పల్లె చివర గుడి, గుడి పక్కన మిషను మాకిచ్చిన పెంకుటిల్లు. పెళ్ళయ్యాక అప్పటిదాకా ఎవరెవరి వసారాల్లోనో కాపురం చేశాం. సొంత వంటగది, సొంత పెరడు నాకు అక్కడే మొదలు. పెరట్లో గోంగూర, రెండు బెండ మొక్కలు వేసుకున్నాను. గోడలకు ఏటా పండక్కి ముందు నేనే సున్నం కొట్టేదాన్ని.

మా ఆయన గొప్ప ప్రసంగీకుడు కాదు. కాని ఆయన ప్రార్థనంటే పల్లెకు ఇష్టం. అందరూ 'ప్రభువా' అని మొదలుపెడితే ఆయన 'కాపరీ' అని పిలిచేవారు. పిలిచి కొంచెం ఆగేవారు, కంచె అవతల ఉన్న మనిషి వినిపించుకుని ఇటు తిరగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. ఆ తర్వాత మామూలు మాటల్లో చెప్పేవారు, ఫలానావాళ్ళ గేదె ఈనలేకపోతోంది, ఫలానా పిల్లాడికి దగ్గు తగ్గలేదు, కాస్త చూడు అని. కోతలకు పోయే ఆడవాళ్ళకు కూడా అది అలవాటైంది. చేలో ఎవరి కాలికైనా ముల్లు దిగితే 'కాపరీ' అనేవాళ్ళు.

సుగుణ తల్లి మాణిక్యమ్మ. యలమందయ్య కోడలు. మొగుడు బావి పూడిక తీస్తూ గట్టు విరిగిపడి చనిపోయాక, మామ ఇంట్లోనే ఉండి కూలికి పోయేది. బిడ్డకు అమ్మవారు పోసినప్పుడు మా ఆయన గుంటూరులో మహాసభలకు వెళ్ళారు. మాణిక్యమ్మ రోజూ పొద్దువాలే వేళకు వచ్చి, అరుగెక్కకుండా వాకిట్లోనే నిలబడి, "ప్రార్థన చెయ్యండి అమ్మగారూ" అనేది. నేను గడప లోపల నిలబడి చేసేదాన్ని. ఒకరోజు రాలేదు. ఆ రోజు ఆమె ఊరి పొలిమేరలో ఉన్న పోలేరమ్మ రాయి దగ్గరికి వెళ్ళి, కడవెడు నీళ్ళు పోసి, వేపమండ పెట్టి వచ్చింది. చూసినవాళ్ళు చూశారు. బిడ్డ లేచి తిరిగేదాకా ఎవరూ నోరు మెదపలేదు. తిరిగాక మాట బయటికొచ్చింది.

ఆ మాట మా ఇంటికి మోసుకొచ్చింది యలమందయ్యే. సంఘ పెద్దల్లో ఆయనే పెద్ద. వయసులో ఉన్నప్పుడు పోలేరమ్మ కొలుపులకు డప్పు కొట్టనన్నాడని ఊళ్ళోవాళ్ళు కొట్టి కాలవగట్టున పడేశారట. చాలాకాలం మంచాన ఉండి, లేచాక పల్లెలో మొట్టమొదట బాప్తిస్మం పొందింది ఆయనే. అబ్రాహామని పేరు పెట్టారు గాని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు.

"ఆదివారం సంఘంలో పెట్టండి అయ్యగారూ" అన్నాడు.

"మీ కోడలే గదా. ఇంట్లో కూర్చోబెట్టి మాట్లాడితే పోదా?" అన్నారు మా ఆయన.

"నా ఇల్లు గాబట్టే పెట్టమంటన్నా. ఇంకోళ్ళింట్లో అయితే ఊరుకుంటానా? నా ఇంట్లో జరిగిందని ఊరుకుంటే రేపు నేను ఎవురికి చెప్పగలను?"

మా ఆయన సరేనన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరినీ లేవవద్దన్నారు. మాణిక్యమ్మ ఆడవాళ్ళ వైపు వెనకగా గోడవార కూర్చుంది. ఒళ్ళో సుగుణ. బిడ్డ ముఖం మీద ఈగలు వాలకుండా కొంగు కప్పింది. యలమందయ్యే అడిగాడు.

"పోలేరమ్మ కాడికి పోయినమాట నిజమేనా?"

"నిజమే మామా."

"తప్పా, కాదా?"

"బిడ్డ బతికింది."

"నే అడిగింది అది కాదు. నిలబడి తప్పని చెప్పు. చమించమని అడుగు. అయిపోద్ది."

మాణిక్యమ్మ కాసేపు ఆలోచించింది. మొండితనం చూపించే మనిషిలా లేదు, చేతికి అందని వస్తువు కోసం వెతుకుతున్నట్టు ఉంది.

"తప్పనే మాట నా నోటికి రావట్లేదు మామా" అంది.

ఇక అందరూ మా ఆయన వైపు చూశారు. ఆయన లేచి, పంచె సర్దుకుని, రోజూ మాట్లాడే గొంతుతోనే చెప్పారు. తప్పు ఒప్పుకునేదాకా మాణిక్యమ్మ రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు, సంఘస్థులు ఆమెతో సహవాసం చెయ్యకూడదు. ఆ మాటలు అప్పటికి ఎవరో ఎప్పుడో ఏర్పాటుచేసినవే, ఆయన కల్పించినవి కావు. తర్వాత ఆశీర్వాదం చెప్పారు. మాణిక్యమ్మ అది కూడా పూర్తిగా విని, ఆమేన్ అని, బిడ్డనెత్తుకుని వెళ్ళింది.

ఎవరూ ఆమెను తిట్టలేదు. కోతల ముఠాలు కట్టే ఆడవాళ్ళు పిలవడం మాత్రం మానేశారు. చేలన్నీ ఎర్రబడి, ముసలమ్మలకు కూడా పని దొరికే రోజుల్లో ఆమె గుడిసె ముందు కూర్చుని ఉండేది. నేను నీళ్ళకు వెళ్తూ చూసేదాన్ని. ఒకరోజు పొద్దున యలమందయ్య మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"లేచి చూస్తే లేరమ్మగారూ, తల్లీ బిడ్డా. చాప మడతేసి ఉంది." వెళ్ళబోతూ తిరిగి, "నాకు గంజి కాచిపెట్టి పోయింది" అన్నాడు.

ఆ తర్వాత మా ఆయన ప్రార్థనలో ఒక మార్పు వచ్చింది. అందరిలాగే 'ప్రభువా' అని మొదలుపెట్టేవారు. పల్లె గమనించిందో లేదో నాకు తెలియదు. నేను గమనించాను, అడగలేదు. ఆయన మాత్రం దారినపోయే ప్రతి మనిషినీ అడిగేవారు. బళ్ళవాళ్ళను, బస్సు దిగినవాళ్ళను, పత్తి తూకానికి వచ్చిన సేట్ల మనుషులను, ఒకామె, వెంట చిన్నపిల్ల, పిల్లకు ఒక కంట్లో పువ్వు, ఎక్కడన్నా చూశారా అని.

కోతపండుగ ముందురోజు నాగూర్ వలి ఆమె కబురు తెచ్చాడు. మా చుట్టుపక్కల కల్లాల నుంచి మిరపకాయల బస్తాలు గుంటూరుకు వేసుకుపోయే లారీ డ్రైవరు అతను. మా ఆయన గుడి గుమ్మానికి మావిడాకులు కడుతుంటే రోడ్డు మీదనే లారీ ఆపి చెప్పి వెళ్ళాడు. ఆయన నిచ్చెన దిగి ఇంట్లోకి వచ్చారు.

"గుంటూరులో ఉందట. మిరపకాయల కొట్లలో కాయల తొడిమలు, ముచ్చికలు తీస్తోందట. బిడ్డకు జ్వరమట."

"రేపు పండుగ" అన్నాను.

"తెలుసు."

"చైర్మన్ గారు వస్తున్నారు. ఏడాదికొక్కసారి వచ్చే మనిషి."

"తెలుసు దీనా."

"సోమవారం వెళ్ళండి."

ఆయన పీట వాల్చుకుని కూర్చుని, అన్నారు: "తప్పిపోయిన గొర్రె కోసం కాపరి వెళ్తాడే, ఆ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో నాకే తెలియదు. అందులో గొర్రె దానంతటదే దారి తప్పుతుంది. దొడ్డిలోంచి తోలేసిన గొర్రె సంగతి అందులో ఎక్కడా లేదు. తోలింది కాపరే అయితే ఏం చెయ్యాలో లేదు."

"కాపరి వదిలి వెళ్ళిన మిగతా తొంభై తొమ్మిది గొర్రెల సంగతి ఉంది గదా. వాళ్ళు రేపు కొత్తబట్టలు కట్టుకుని వస్తారు. వాళ్ళకు నేనేం చెప్పాలి?"

"వెళ్ళానని చెప్పు."

తెల్లారేసరికి ఆయన అద్దంకి దారి పట్టారు.

గుడి నిండిపోయింది. కోళ్ళు, గుమ్మడికాయలు, పత్తి, కొత్త మిరపకాయలు, ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి ముందు పెట్టారు. ఎండుమిరపకాయల ఘాటుకు చిన్నపిల్లలు తుమ్ముతున్నారు. చైర్మన్ గారు మిషను జీపులో వచ్చారు. మా జిల్లాలో ఈ ప్రాంతపు సంఘాలన్నిటికీ ఆయనే పైఅధికారి. అలిసిపోయిన ముఖంతో, మంచిగా మాట్లాడే పెద్దమనిషి. దిగగానే, "పరంజ్యోతి ఏడమ్మా?" అని అడిగారు.

"గుంటూరు వెళ్ళారండి."

"ఇవాళా? ఎందుకు?"

"మాణిక్యమ్మ కోసం."

ఆయనకు ఆ పేరు తెలియదు. పక్కనున్న పెద్దలు చెప్పారు. యలమందయ్య నేల చూస్తూ నిలబడ్డాడు. చైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఆవిడ సోమవారం కూడా అక్కడే ఉంటుంది గదమ్మా" అన్నారు. నేను ముందురోజు అన్నమాటే. ఆయన నోట వింటుంటే ఎందుకో నాకు నచ్చలేదు.

ఆరాధన ఆయనే చేశారు. కానుకల వేలం యలమందయ్య వేశాడు. ఏటా వేసేవాడే. గుమ్మడికాయను పైకెత్తి నవ్వించే మనిషి, ఆ రోజు ధర చెప్పి ఊరుకున్నాడు. వేలం చివరిదాకా నిలబడలేక మధ్యలో ఇంకొకరికి అప్పగించి వెళ్ళిపోయాడు.

మా ఆయన మంగళవారం వచ్చారు. కళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి. చేతులు చెంబు కూడా పట్టుకోలేకపోతున్నాయి. ఆముదం రాసి కూర్చోబెట్టాను.

"దొరికిందా?"

"దొరికింది. బిడ్డకు జ్వరం తగ్గింది."

"తీసుకురాలేదే?"

"రానంది."

"ఏమంది?"

"నేను తప్పిపోలేదు అయ్యగారూ, మీరు తోలేశారు, అంది."

"మీరేమన్నారు?"

"నిజమే అన్నాను." చేతుల వంక చూసుకుంటూ, "తర్వాత ఏం చెయ్యాలో తోచక వాళ్ళ పక్కన కూర్చుని ముచ్చికలు తీశాను" అన్నారు.

వారం తిరగకముందే చైర్మన్ గారు పక్క ఊళ్ళ పాస్టర్లిద్దరిని వెంటబెట్టుకుని వచ్చారు. మా వసారాలోనే కూర్చున్నారు. నేను టీ కాచి ఇచ్చాను. కోపాలేమీ లేవు. పండుగనాడు సంఘాన్ని వదిలి వెళ్ళినందుకు మా ఆయన సంఘాన్ని క్షమాపణ అడగాలి. మాణిక్యమ్మ వచ్చి నిలబడి తప్పు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే ఆ రోజే ఆమెను బల్లకు చేర్చుకోవచ్చు. ఈస్టరు లోపల ఈ రెండూ జరిగితే ఇక ఎవరూ ఏమీ మాట్లాడరు. జరగకపోతే ఇల్లూ పనీ ఇంకొకరికి ఇవ్వక తప్పదు.

"నా మట్టుకు నేను అడుగుతాను. ఆమెను తేవడం నా వల్ల కాదండీ" అన్నారు మా ఆయన.

వాళ్ళు వెళ్ళాక, "నేను వెళ్ళి మాట్లాడతాను" అన్నాను. ఆయన వద్దనలేదు.

ఈస్టరుకు ఇంకా రెండు వారాలుండగా బడికి సెలవు పెట్టి వెళ్ళాను. మాణిక్యమ్మను ఎలాగైనా ఒప్పించి తీసుకురావాలనే బయలుదేరాను. బస్సులో కూర్చుని, ఆమెకు ఏం చెప్పాలో మాటలు కూడబలుక్కున్నాను. మా బెండ మొక్కలు అప్పుడే కాపుకొచ్చాయి. ఆమె కోసం గుప్పెడు కోసి సంచిలో వేసుకున్నాను.

గుంటూరులో మిరపకాయల కొట్లున్న వీధి వాసనతోనే తెలిసిపోతుంది. ఆ కొట్టు గుమ్మంలో అడుగుపెట్టేసరికే దగ్గూ తుమ్ములూ కలిసి వచ్చాయి. లోపల ఎర్రటి కుప్పల మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ముక్కూ నోరూ కనపడకుండా గుడ్డలు కట్టుకున్నారు. కళ్ళు తప్ప ఏమీ కనిపించని ఆ మనుషుల్లో మాణిక్యమ్మ ఎవరో నాకు తెలియలేదు. ఆమే లేచి వచ్చింది.

"అమ్మగారూ, కళ్ళు నులుపుకోమాకండి. అయ్యగారు అట్టాగే చేసి ఒక పూటంతా ఏడ్చారు" అంది.

వాళ్ళను పనికి కుదిర్చే మనిషి రసూల్‌బీ అనే పెద్దావిడ. కొట్టు వెనక సందులో ఆమెకు వరస గదుల ఇల్లుంది. మాణిక్యమ్మనూ బిడ్డనూ ఆ ఇంటి వసారాలో ఉండనిచ్చింది. నన్ను అక్కడికి తీసుకెళ్ళి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"మీ ఆయన మంచోడే తల్లీ" అంది. "పనికే పనికిరాడు. ఒక్క కాయకు ఒక పూట పట్టుద్ది."

సుగుణ నా పక్కన చేరి, నేను నేర్పిన అక్షరాలు మరిచిపోలేదని తలుపు మీద వేలితో రాసి చూపించింది. మంచి కన్ను తలుపు వైపు ఉండేట్టు మెడ పక్కకు తిప్పి రాస్తోంది.

మధ్యాహ్నం తిండివేళ మాణిక్యమ్మ వచ్చింది. చేతులు బూడిదతో తోముకుని, కడుక్కుని, నాకు ఎదురుగా కూర్చుంది. నేను తెచ్చిన బెండకాయలు చూసి నవ్వింది.

"ఒక్కమాట అడుగుతాను. ఆ రోజు నా దగ్గరికి రాకుండా పోలేరమ్మ దగ్గరికి ఎందుకు వెళ్ళావు?" అన్నాను.

"మీ కాడికే వద్దామని బయల్దేరా అమ్మగారూ. బిడ్డ ఒళ్ళు కాలిపోతా ఉంది. కళ్ళు మూసుకుపోయినయ్. మా అమ్మయితే ఏం చేసేదా అనిపించింది. అమ్మ నీళ్ళు పోసేది. నాకు చేతనైందీ అదే. కడవెత్తుకుని పోయి పోశా."

"పోలేరమ్మకు మొక్కావా మరి?"

"మొక్కింది ఆయనకే. నీళ్ళు పోస్తన్నంతసేపూ కాపరీ, కాపరీ అనే అన్నా. అయ్యగారు పిలిచినట్టే పిలిచా. ఎవురి రాయి ముందు నిలబడి పిలిస్తే ఏంది, బిడ్డను చూసేవోడు ఆయనే గదా అనుకున్నా. ఆయన ఆడికి రాడా?"

 వస్తాడో రాడో నాకు తెలియదు.

"ఈ మాట సంఘంలో చెప్పకపోయావా?"

"ఎవురూ అడగలా. తప్పా కాదా అనడిగారు. తప్పంటే ఆయన్ని పిలిచింది తప్పయిపోద్ది. అందుకని నోటికి రాలా."

అప్పటికి పక్క కొట్ల ఆడవాళ్ళు కూడా కొందరు వసారాలోకి వచ్చి అన్నం గిన్నెలు తెరిచారు. ఒకామె బాపట్ల వైపు నుంచి వచ్చింది, మొగుణ్ణి వదిలేసిందని అక్కడి సంఘం రానివ్వలేదట. ఇంకొకామె నరసరావుపేట అవతలి పల్లె నుంచి. ఒకరిద్దరికి ఏ సంఘమూ లేదు. మా ఆయన ఆ సోమవారం వాళ్ళతో కూర్చుని ప్రార్థన చేశారట. మళ్ళీ ఎప్పుడొస్తారని అడిగారు. నన్ను చెయ్యమన్నారు. చేశాను. మొదట ఏమని పిలవాలో తోచక ఆగాను. ఆ ఆగిన చోట వాళ్ళే అందుకుని 'కాపరీ' అని పిలిచారు.

వాళ్ళు పనికి లేచాక నేను వచ్చిన పని చెప్పాను. చైర్మన్ గారి మాట, ఈస్టరు గడువు, అన్నీ దాచకుండా చెప్పాను. "నీ పక్కన నేను నిలబడతాను" అన్నాను.

మాణిక్యమ్మ అంతా విని, "నేను రాకపోతే మీ ఇల్లు పోద్దా అమ్మగారూ?" అని అడిగింది.

"పోతుంది."

ఆమె బిడ్డను దగ్గరికి లాక్కుని జడ విప్పి మళ్ళీ అల్లింది. పూర్తయ్యాక అంది: "అయ్యగారు అడిగితే రానన్నా. మీరడిగితే వస్తా. బిడ్డ కోసం మీరు రోజూ గడప కాడ నిలబడి ప్రార్థన చేశారు. మీ కోసం నిలబడి తప్పని చెప్తా. నిజం కాకపోయినా చెప్తా. ఎప్పుడు పోదాం?"

నేను కోరుకున్నది అదే. రసూల్‌బీ అరుగు చివర కూర్చుని వక్క కత్తిరిస్తోంది. ఆ చప్పుడు కాసేపు విన్నాను.

"వద్దులే మాణిక్యమ్మా. నాకు బస్సు వేళయింది" అన్నాను.

లేచి, సంచి తీసుకుని, వీధి మలుపు దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చాను. ఆ వరసలో ఖాళీ గది ఏదైనా ఉందా అని రసూల్‌బీని అడిగాను. తన కోడళ్ళ గది పక్కది ఉంది, వాన వస్తే కొంచెం కారుతుంది అంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన వసారాలో ఎదురుచూస్తున్నారు.

"ఏమంది?"

"వస్తానంది."

ఆయన ముఖంలోకి చూశాను. సంతోషం కనిపించలేదు.

"నేనే వద్దన్నాను" అన్నాను.

ఆయన పక్కకు జరిగి చోటిచ్చారు. కూర్చున్నాను. తర్వాత ఆయన లేచి వెళ్ళి, అటక మీదున్న రేకుపెట్టె దించి తుడవడం మొదలుపెట్టారు.

ఆ ఆదివారం ఆయన సంఘాన్ని క్షమాపణ అడిగారు, పండుగనాడు వెళ్ళినందుకు. మాణిక్యమ్మను వెలివేసినందుకు కూడా అడిగారు. రెండోది ఎవరూ అడగమనలేదు. మాణిక్యమ్మ నాతో చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు సంఘానికి చెప్పారు. గుడిలో గుసగుసలు లేచాయి. ఒక ముసలామె పైకే, "ఆయన ఆడికి రాకపోతే బిడ్డెట్టా బతికిద్ది" అంది. ఒకాయన లేచి, ఇట్టాగైతే రేపు అందరూ కడవలెత్తుకుంటారు అన్నాడు. ఇద్దరి మాటలోనూ అర్థం ఉందనిపించింది నాకు. 

సామాను ఎక్కువేమీ లేదు. ఇల్లు ఖాళీ చేసే రోజున బండి కట్టుకుని వచ్చింది యలమందయ్యే. అద్దంకి దాకా ఎడ్లను ఆయనే తోలాడు. దారి పొడుగునా ఇద్దరు మగవాళ్ళూ వానల గురించి, పత్తి విత్తనం గురించి మాట్లాడుకున్నారు. బస్సు దగ్గర సామాను దించి, తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, నా దగ్గరికి వచ్చాడు.

"ఆ కంటికి వైద్యం ఏదన్నా ఉండిద్దా అమ్మగారూ?"

"గుంటూరులో పెద్ద డాక్టర్లున్నారు. చూపించాలి" అన్నాను.

"చూపించండి" అన్నాడు. ఇంకేదో అనబోయి, ఎడ్లు కదిలాయని వెళ్ళిపోయాడు.

గుంటూరులో ఆ వేసవి మాకు కష్టంగానే గడిచింది. మా ఆయనకు ముచ్చికలు తీయడం చేతకాలేదు, కాటా దగ్గర బస్తాలు కుట్టే పని దొరికింది. నేను మిగతా ఆడవాళ్ళతోపాటే కూర్చున్నాను. మొదట్లో రోజూ చేతుల మంటకు అన్నం కలుపుకోలేక స్పూను అడుక్కునేదాన్ని. సాయంత్రం వాళ్ళ పిల్లలను వసారాలో కూర్చోబెట్టి అక్షరాలు చెప్పేదాన్ని. ఆదివారం పొద్దున అక్కడే ఆరాధన జరిగేది. రసూల్‌బీ నమాజు ముగించుకుని వచ్చి తన అరుగు మీద కూర్చుని, మా పాటల్లో శ్రుతి ఎక్కడ పోయిందో చెప్పేది. మా ఆయనకు బల్ల ఇచ్చే అధికారం ఇప్పుడు లేదు. మాణిక్యమ్మ అడిగినప్పుడు ఆయన ఆ మాటే చెప్పారు. "పోనీయండి, వాక్యం చెప్పండి చాలు" అందామె.

పల్లెలో మా ఇంట్లోకి కొత్త పాస్టరుగారి కుటుంబం వచ్చిందని నాగూర్ వలి చెప్పాడు. ఆవిడ గోడలకు నీలం కలిపిన సున్నం వేయించిందట.  ఆ పూట నాకు పని మీద ధ్యాస కుదరలేదు.

తొలకరి పడ్డ వారంలో యలమందయ్య వచ్చాడు. ఎవరికీ కబురు చెయ్యలేదు. చేతిలో సద్దమూట, భుజాన గొంగళి. వీధిలో అడుగుతూ అడుగుతూ వచ్చి వసారా ముందు నిలబడ్డాడు. మాణిక్యమ్మ లోపల్నుంచి చూసి, కొంగు సర్దుకుని బయటికి వచ్చింది. 

"దుక్కులు అయినయ్యా మామా?" అంది.

"అయినయ్" అన్నాడు. "బిడ్డను డాకటేరుకి చూపిద్దామని వచ్చా."

సుగుణ మొదట ఆయన దగ్గరికి పోలేదు. నా వెనక నక్కింది. ఆయన పిలవలేదు. అరుగు మీద కూర్చుని, సద్దమూట విప్పి, సజ్జరొట్టె తుంచి పక్కన పెట్టుకుని, వీధి వైపు తిరిగి తింటూ కూర్చున్నాడు. కాసేపటికి బిడ్డే వెళ్ళి పక్కన కూర్చుంది.

మరునాడు నేనూ వెంట వెళ్ళాను. ఆసుపత్రిలో చాలాసేపు కూర్చోబెట్టారు. డాక్టరు దీపం పెట్టి చూసి, ఆ కన్ను ఇక రాదన్నాడు. రెండోది బాగుంది, జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. యలమందయ్య అదే మాట రెండోసారి అడిగాడు. డాక్టరు ఓపికగా రెండోసారీ చెప్పాడు.

బయటికి వచ్చేసరికి వాన మొదలైంది. బిడ్డ నడవలేనని మారాం చేసింది. ఎత్తుకునే వయసు దాటిన పిల్ల, కాళ్ళు పొడుగు సాగాయి. రిక్షా పిలుస్తానన్నాను. ఆయన వినిపించుకోలేదు. వంగి కూర్చుని పిల్లను భుజాల మీదికి ఎక్కించుకుని, రెండు కాళ్ళూ గుండెల మీద ఒక్కచేత్తో పట్టుకుని, గొంగళి ఇద్దరి మీదా కప్పుకుని నడిచాడు. నేను వెనకే గొడుగు పట్టుకుని నడిచాను గాని ఆ గొడుగు వాళ్ళకు అందలేదు. సగం దారిలో పిల్ల ఆయన తలపాగా మీద తలవాల్చి నిద్రపోయింది.

ఇంటికి చేరాక మాణిక్యమ్మ ఎదురొచ్చి, దించుకుంటానని చేతులు చాపింది.

"ఉండనియ్. లెగుస్తది" అన్నాడు ముసలాయన.

అలాగే, పిల్లను దించకుండా, తల గుమ్మానికి తగలకుండా బాగా వంగి, లోపలికి వెళ్ళాడు.